ఉప్పునేల మీద సీజే-3బీ: పాత జీపు బాగుచేత డైరీ

జనవరి, పెద్దపండగ వెళ్లాక

షెడ్డులోకి తెచ్చింది మహీంద్రా సీజే-3బీ. 80 అంగుళాల వీల్‌బేసు, పెట్రోలు హరికేన్ ఇంజను, మూడు గేర్ల టీ-90 గేర్‌బాక్సు, దాని వెనక డానా 18 ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే పెట్టె). విల్లిస్ వాళ్లు ఈ మోడల్‌ని 1953లో దించారు. ఈ హరికేన్ ఎఫ్-హెడ్ రకం, అంటే ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి, అందుకే అంతకు ముందు ఇంజను కన్నా ఎత్తు. అది పట్టాలంటే బానెట్ పైకి లేపక తప్పలేదు, ఈ జీపు ముఖం అలా ఉండటానికి కారణం అంతే. అమెరికాలో 1968తో ఆగిపోయింది. ఇక్కడ మహీంద్రా ఆ తర్వాత కూడా చేస్తూ పోయింది కాబట్టి విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే సీలు దగ్గర్నుంచి క్రౌన్-పినియన్ (డిఫరెన్షియల్ పళ్ల జత) దాకా ఏదో ఒక రకం దొరుకుతుంది. దొరికినవన్నీ పెట్టదగ్గవి కావు.

రొయ్యల చెరువుల మీద మేత బస్తాలు మోసిన బండి ఇది. ఏజెన్సీలో తిరిగిన జీపైతే ముందు కమాన్లు (పట్టీ స్ప్రింగులు), గేర్‌బాక్సు చూస్తాం. డెల్టా జీపుకి ఆ వరస పనికిరాదు. ముందు ఛాసిస్, తర్వాత బ్రేకులు, తర్వాత యాక్సిళ్లలో నీళ్లు, అన్నిటికన్నా చివర ఇంజను. ఇంజనుకి ఏం వచ్చినా లేతు షాపులో మందు ఉంది. ఛాసిస్ లోపలి నుంచి తినేసిన బండికి పైన ఎంత రంగేసినా డబ్బు దండగే.

చూడ్డానికి పెద్ద సామాను అక్కర్లేదు. గుండ్రటి తల సుత్తి, పాత స్క్రూడ్రైవరు చాలు. ఛాసిస్ పొడుగునా సుత్తితో తట్టుకుంటూ వెళ్తే గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు పొర కట్టిన చోట మొద్దుగా పలుకుతుంది. అక్కడ స్క్రూడ్రైవరుతో పొడవాలి. ఈ బండికి దిగబడిన చోట్లు: వెనక క్రాస్‌మెంబరు (ఛాసిస్ అడ్డపట్టీ) అడుగు, వెనక కమాను తగిలించే హ్యాంగర్ల పైభాగం, ముందు హ్యాంగర్ల దగ్గర లోపల అతికిన రెండో ప్లేటు సందు. మూడూ బురద చేరి బయటికి పోలేని చోట్లే. మిగతా ఛాసిస్ తెరిచి ఉన్న సీ-ఛానలు, వానకి కడుక్కుంటుంది, అందుకే బతికి ఉంది.

విప్పడానికి ముందే కాగితాల పని. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిచూసి, పెన్సిల్ ప్రింటు తీసి భద్రం చేశాం. రెన్యువల్‌కి వెళ్లినప్పుడు అడిగేది ఆ ప్రింటే. నంబరు కొట్టిన చోట గ్రీజు పూసి, పైన రబ్బరు ముక్క పెట్టి టేపు చుట్టాలి. గాలితో రవ్వ కొట్టి తుప్పు తీసే బ్లాస్టింగ్ కుర్రాడికి అది నంబరో తుప్పో తెలియదు.

ఫిబ్రవరి: విప్పడం

తుప్పు పట్టిన బోల్టుల మీద బలం చూపిస్తే విరుగుతాయి. డీజిల్లో సగానికి సగం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల నూనె) కలిపి రోజూ కాస్త పోస్తూ వారం నానబెడితే సగం పని అదే అవుతుంది. మిగిలినవాటికి గ్యాసు మంట. నట్టుని కాల్చాలి, బోల్టుని కాదు. నట్టు వ్యాకోచించి మర పట్టు వదులుతుంది.

ఈ జీపుల్లో ఎడమ మర ఉందన్న సంగతి మర్చిపోయి స్టడ్లు విరగ్గొట్టిన షాపులు చాలా ఉన్నాయి. ఎడమవైపు చక్రాల నట్లు ఎడమ మర. పాత యూ-షాకిళ్లు (కమాను చివరని ఛాసిస్‌కి కలిపే యూ ఆకారపు కొక్కేలు) ఉన్న బండికి కొన్ని షాకిళ్లు కూడా ఎడమ మరే. కింది కాడ మీద పోతపోసిన చిన్న బొడిపె ఉంటే అది ఎడమ మర షాకిలు. ఆ బొడిపె తుప్పు కింద దాగుతుంది, వైరు బ్రష్షు కొట్టి చూశాకే పానా పెట్టాలి.

వెనక హబ్బు టేపరు మీద కూర్చుని ఉంటుంది. దానికి పుల్లరు తప్ప ఇంకో దారి లేదు. యాక్సిల్ చివర సుత్తితో మోదితే మర పుండవుతుంది, ఆ దెబ్బ లోపలి బేరింగు మీద పడుతుంది. పుల్లరు బిగించి, నట్టుని రెండు మరలు వదిలి అక్కడే ఉంచి, హబ్బు చుట్టూ వేడి చేసి ఒక రాత్రి వదిలేస్తే పొద్దుటికి టప్పుమని వస్తుంది. నట్టు ఉంచకపోతే హబ్బు ఎగిరి వచ్చి మీద పడుతుంది.

షిమ్ములు (సందు సరిచేసే పలచటి రేకులు) ఏ చోటువి ఆ చోటివే విడివిడి కవర్లలో వేసి, కవరు మీద రాసిపెట్టాం. కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే ఇరుసు) పైవి, కిందివి, వెనక బ్రేకు ప్లేటు వెనకవి. ఇవి కలిసిపోతే మళ్లీ మొదటి నుంచి కొలుచుకోవాలి.

మార్చి: ఛాసిస్

నేల మీద నాలుగు మూలలా తూకం గుండు దింపి చుక్కలు పెట్టి, మూలమూలకీ టేపు పెడితే తేడా 3 మి.మీ. లోపే. వంకర లేదు. ఇది కోతకు ముందే చూసుకోవాలి. కోశాక చూస్తే ఏది పాత వంకరో ఏది వెల్డింగు తెచ్చిందో తేలదు.

గట్టి చోట వెర్నియరు పెడితే 3.2 మి.మీ. చూపించింది. బజార్లో దొరికే 3.15 మి.మీ. మైల్డ్ స్టీలు ప్లేటు సరిపోతుంది. ఇంకా మందం వేస్తే గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. మందపు ముక్క వంగదు, దాని అంచు దగ్గర పాత ఇనుము వంగి వంగి పగులుతుంది. ప్లేటు అంచులు ఛాసిస్‌కి అడ్డంగా నిలువు గీతలా ఉండకూడదన్నదీ అందుకే. డైమండు ఆకారంలో కోస్తే బరువు ఒకే గీత మీద పడదు. పైఫ్లేంజి, కిందిఫ్లేంజి అంచుల మీద అడ్డంగా వెల్డింగు వద్దు.

ఇంట్లో సింగిల్ ఫేజు ఇన్వర్టరు మిషనుతోనే పని నడిచింది. రాడ్డు 7018, డీసీ, రాడ్డు పాజిటివ్ వైపు. ఈ రాడ్డుకి డెల్టాలో ఒక చిక్కు ఉంది, దీని పూత గాలిలో తేమ లాగేస్తుంది. తడిసిన 7018తో వేసిన వెల్డింగు పైకి బాగానే ఉంటుంది, లోపల హైడ్రోజన్ చేరి తర్వాత వెంట్రుకంత పగులు ఇస్తుంది. చిన్న ప్యాకెట్లు కొని, తెరిచిన రోజే వాడి, మిగిలినవి గేటుకీ గ్రిల్లుకీ పక్కన పెట్టాం. అంగుళం చొప్పున కుట్లు, ఒకటి ఇటు ఒకటి అటు. ఏకధాటిగా లాగితే ఛాసిస్ అటే వంగుతుంది.

ముందు హ్యాంగర్ల దగ్గర రెండో ప్లేటు మొత్తం కోసి తీసి, లోపల శుభ్రం చేసి కొత్తది వేశాం. ఈసారి అడుగున 12 మి.మీ. రంధ్రాలు రెండు వదిలాం, నీళ్లు దిగిపోవడానికీ, తర్వాత మైనం కొట్టే గొట్టం దూరడానికీ.

ఏప్రిల్: కడగడం, బ్లాస్టింగ్, రంగు

దాళ్వా కోతలు మొదలయ్యాయంటే కాలవలు కట్టేసే రోజులు దగ్గరపడ్డట్టే. ఈ పని ఆలోపే చేసుకోవాలి, ఎందుకంటే కడగడానికి కావాల్సింది కాలవ నీరు. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. వాటితో ప్రెషర్ వాష్ కొట్టించడమంటే ఉన్న ఉప్పుకి కొత్త ఉప్పు పూయడమే. చెరువు నడిపే ప్రతివాళ్ల దగ్గరా టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచేది) ఉంటుంది, తెచ్చి ముంచితే తెలిసిపోతుంది. షెడ్డు బోరు 2,000 దాటింది, కాలవ నీరు 200 చుట్టూ ఉంది. డ్రమ్ములతో కాలవ నీళ్లు తెచ్చి, ఛాసిస్‌ని సబ్బుతో ఒకసారి, ఉత్త నీళ్లతో రెండుసార్లు కడిగాం.

బ్లాస్టింగ్‌కి ముందే కడగాలి. ఇసుక కొడితే తుప్పు పోతుంది గానీ ఉప్పు పోదు, గుంటల్లోకి ఇంకా లోపలికి దిగుతుంది. కొట్టించిన ఛాసిస్‌ని ఒక రాత్రి వదిలేస్తే, ఉప్పు మిగిలిన చోట తెల్లారేసరికి నల్లటి మచ్చలు తేలతాయి. మచ్చ తేలిన చోట మళ్లీ కడిగి మళ్లీ కొట్టాలి. దాని మీద నేరుగా ప్రైమరు వేస్తే రెండో వానాకాలానికి బుడగలు లేస్తాయి.

పక్కనే గోదారి ఉండగా ఇసుకకి కొదవేమిటనిపిస్తుంది. నది ఇసుకతో బ్లాస్టింగ్ చేయించకండి. నలిగిన ఇసుక దుమ్ములోని సిలికా కొట్టేవాడి ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. కాపర్ స్లాగ్ గానీ గార్నెట్ గానీ వాడే చోటుకే తీసుకెళ్లాలి. బాడీ రేకు మాత్రం బ్లాస్టింగ్‌కి ఇవ్వొద్దు. వేడికీ దెబ్బకీ పలచటి రేకు అలలు తిరుగుతుంది.

రంగు వేసే గంట ఇక్కడ పెద్ద విషయం. గాల్లో తేమ 85 శాతం దాటితే వేయకూడదు, ఇనుము వేడి మంచు పట్టే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి. పొద్దున్నే చల్లగా ఉందని మొదలుపెడితే కంటికి కనపడని తడి మీద రంగు పడుతుంది. పదకొండు నుంచి మూడు మధ్యే మనకి కుదిరే వేళ. జింకు ఎపాక్సీ ప్రైమరు తెల్లటి ఇనుము మీదే పట్టాలి, మధ్యలో రస్ట్ కన్వర్టరు ఉంటే జింకుకి ఇనుము తగలదు, పని చేయదు. కన్వర్టరు వాడాలనుకుంటే ఆ చోట మామూలు ఎపాక్సీ వేసుకోవాలి. ప్రైమరు మీద ఎపాక్సీ రెండు కోట్లు, పైన పాలీయురెథేన్ ఒకటి.

వాడేసిన ఇంజనాయిలు ఛాసిస్‌కి పూయడం మన వైపు పాత అలవాటు. దుమ్ము పట్టి ముద్దవుతుంది, కమాను రబ్బరు బుష్షుల్ని ఉబ్బించేస్తుంది. మూసిన సందుల్లోకి మైనం స్ప్రే కొట్టడం దానికన్నా చాలా మేలు.

మే: యాక్సిళ్లు

ముందు డిఫరెన్షియల్ డ్రెయిన్ ప్లగ్గు తీస్తే వచ్చింది నూనె కాదు, పాలు ఎక్కువైన టీ. అందరూ సీలు పోయిందంటారు. సీలు పోయే ముందు బ్రీదరు (యాక్సిల్ లోపలి గాలి వచ్చిపోయే రంధ్రం) మూసుకుపోతుంది. రోడ్డు మీద నడిచిన యాక్సిల్ వేడెక్కి ఉంటుంది. అది మడుగులో దిగగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది. బ్రీదరు మట్టితో పూడి ఉంటే ఆ గాలికి వేరే దారి లేదు, సీలు పెదవి సందు నుంచి నీళ్లనే లోపలికి లాగుతుంది. కొత్త సీలైనా అంతే. అందుకే రెండు యాక్సిళ్లకీ, గేర్‌బాక్సుకీ బ్రీదర్లు తీసి, గొట్టం బిగించి ఫైర్‌వాల్ మీద వైపర్ ఎత్తుకి తెచ్చి వంచాం. గొట్టం మధ్యలో ఎక్కడా కిందికి సాగి నీరు నిలిచే వంపు ఉండకూడదు.

డిఫరెన్షియల్ పళ్ల నిష్పత్తి చూడటం ఎప్పుడూ మానొద్దు. అసలు జోడీ 43 పళ్ల క్రౌను, 8 పళ్ల పినియను, అంటే 5.38. ఏళ్ల తరబడి చేతులు మారిన బండిలో వెనక ఒకటి ముందు ఒకటి ఉండటం అరుదేం కాదు. అలాంటి బండిని ఫోర్‌వీల్‌లో వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లు రాలతాయి. హౌసింగు విప్పకుండానే చూడొచ్చు. ఒక చక్రం నేల మీద, ఒకటి గాల్లో ఉంచి, గాల్లో చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పితే ప్రొపెల్లర్ షాఫ్టు ఐదు చుట్ల మీద మరో మూడో వంతు దాటి తిరగాలి. రెండు యాక్సిళ్లకీ ఒకే లెక్క రావాలి. ఈ బండికి వచ్చింది.

ముందు చక్రాల నకిళ్లు (చక్రం పక్కకి తిరిగే కీళ్లు) మూసినవి. గుండ్రటి బంతి మీద సీలు జారుతూ తిరుగుతుంది. సీలు ఎన్నిసార్లు మార్చినా కారుతోందంటే తప్పు సీలుది కాదు, బంతి మీద తుప్పు గుంటలది. ప్రతి మలుపుకీ ఆ గుంటలు ఆకురాయిలా సీలుని గీస్తాయి. బంతిని శుభ్రంగా తోమి, గుంటల్లో మెటల్ ఎపాక్సీ నింపి, ఆరాక 400, ఆపైన 800 నంబరు తడి కాగితంతో తిప్పి నునుపు చేశాం. వేలిగోరు ఎక్కడా తట్టుకోకూడదు.

కింగ్‌పిన్ బేరింగు కప్పుల్లో, చక్రం తిన్నగా ఉండే చోట రోలర్ల గుర్తులు పడ్డాయి. అలా పడితే స్టీరింగు మధ్యలో పట్టి, ఆ పక్కా ఈ పక్కా వదులవుతుంది. కొత్త బేరింగులు వేసి, సీలు ఇంకా బిగించకుండా, నకిలు చేతికి స్ప్రింగు త్రాసు తగిలించి లాగి చూస్తూ షిమ్ములు తీశాం. వదులూ ఉండకూడదు, చేత్తో తిప్పితే సమానమైన బరువు తెలియాలి. రెండు వైపులా ఒకే లాగుడు రావడం ముఖ్యం. గంటకి 50 కి.మీ. వేగం దగ్గర ముందు చక్రాలు వణికే జీపుల్లో చాలావాటి రోగం ఇక్కడే ఉంటుంది, స్టీరింగు బాక్సులో కాదు. ఆ తర్వాత చూడాల్సింది బెల్‌క్రాంకు (స్టీరింగు కదలికని చక్రాల కడ్డీలకి మళ్లించే చెయ్యి) పిన్ను. దాని అరుగుదల బాక్సు అరిగినట్టే చేతికి తెలుస్తుంది, బాక్సు మార్చేసి మోసపోయేది అక్కడే.

స్పిండిల్ (ముందు హబ్బు తిరిగే బోలు ఇరుసు) లోపల ఇత్తడి బుష్షు ఎండిపోయి అరిగి ఉంది. ఫోర్‌వీల్ వాడినప్పుడు షాఫ్టు బరువు మోసేది అదే. కొత్తది దించి రీమరు పట్టించాం.

వెనక పినియను యోకు (ప్రొపెల్లర్ షాఫ్టు తగిలే ముక్క) మీద సీలు పెదవి గాడి కోసింది. గాడి ఉన్న యోకుకి కొత్త సీలు పెట్టి లాభం లేదు. పలచటి స్లీవు ఎక్కించి గ్రైండు చేయించాలి. వెనక హబ్బు టేపరు మీద కూర్చునే చోట నూనె గానీ రంగు గానీ ఉండకూడదు. నట్టు 150 ఫుట్-పౌండ్లకు తక్కువ కాకుండా బిగించి, చీలపిన్ను రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించాలి తప్ప వదల్చకూడదు. వదిలితే చావి గాడిని తినేస్తుంది.

ట్రాన్స్‌ఫర్ కేసు రొద మధ్య షాఫ్టుది. నీడిల్ బేరింగుల కింద షాఫ్టు అరిగి మెట్టు పడింది. షాఫ్టు, నీడిళ్లు, థ్రస్టు వాషర్లు కలిపి కిట్టుగా మార్చాం. షాఫ్టు కేసు దాటే చోట సీలెంటు రాయకపోతే సరిగ్గా అక్కడే నూనె చుక్క వేలాడుతుంది. హ్యాండ్‌బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనకే ఉంటుంది కనక, అక్కడి సీలు కారితే లైనింగు తడిసి బ్రేకు పట్టదు. బ్రేకు బిగించుకుంటూ పోయే ముందు సీలు చూడాలి.

నూనెల లెక్క: గేర్‌బాక్సుకి 1.4 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేసుకి 1.5, ఒక్కో డిఫరెన్షియల్‌కి 1.2. గేర్‌బాక్సులో జీఎల్-4 రకం 90 నంబరు గేరాయిలు వాడాం. జీఎల్-5లో ఎక్కువగా ఉండే గంధకం మందులు ఇత్తడి సింక్రో రింగులకు పడవు. డిఫరెన్షియళ్లకు జీఎల్-5.

జూన్, జూలై: ఇంజను

విప్పక ముందు కంప్రెషన్ కొలిచాం. 110, 105, 108, నాలుగోది 60. నాలుగో సిలిండర్లో చెంచా నూనె పోసి మళ్లీ చూస్తే పెరగలేదు. రింగులైతే పెరగాలి. వాల్వు కాలిందన్నమాట. మంచి హరికేన్‌కి 120 నుంచి 130 పీఎస్‌ఐ రావాలి, సిలిండర్ల మధ్య తేడా 10 దాటకూడదు.

ఈ ఇంజనుకి ఇన్‌లెట్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్టువి బ్లాకులో. హెడ్డు తీసేవాళ్లకి ఒక హెచ్చరిక: హెడ్డు బోల్టుల్లో ఒకటి కార్బురేటర్ కింద, గాలి పోయే దారి లోపల దాక్కుని ఉంటుంది. బయటి బోల్టులన్నీ తీసి, హెడ్డు రావట్లేదని గడ్డపలుగు పెట్టి లేపితే పగిలేది హెడ్డే. కార్బురేటర్ విప్పి టార్చి వేసి చూడాలి. బిగించేటప్పుడు దాన్నీ మిగతావాటితో పాటు 60-70 ఫుట్-పౌండ్లకు తేవాలి.

నాలుగో సిలిండరు వాల్వు కాలడానికి కారణం బ్లాకు వెనక భాగంలో దొరికింది. వెల్చ్ ప్లగ్గులు (బ్లాకు నీళ్ల దారికి కొట్టిన రేకు మూతలు) ఊడదీస్తే నీళ్ల దారి సున్నం, తుప్పుతో గట్టిపడి ఉంది. రేడియేటర్లో ఏళ్లుగా పోసింది బోరు నీళ్లే. పంపు ముందుంటుంది కాబట్టి మురికి వెనక్కి చేరి నాలుగో సిలిండరు చుట్టూ పేరుకుంటుంది. ఇనుప చువ్వతో గోకి, నీళ్లు కొట్టి, మళ్లీ గోకి, పిడికెళ్ల కొద్దీ తీశాం. ఇది వదిలేసి వాల్వు ఒక్కటి మారిస్తే అదే వాల్వు మళ్లీ కాలుతుంది. ఇక మీదట డిస్టిల్డ్ వాటరు, కూలెంటు మాత్రమే. ఎండాకాలం థర్మోస్టాటు పీకేసే అలవాటు కూడా మానాలి. అది లేకపోతే ఇంజను వేడి తగలక నూనెలో నీటి చెమ్మ ఎగిరిపోదు, సంప్‌లో జిగురు చేరుతుంది.

సిలిండర్ల బోరు (లోపలి వెడల్పు) కొలిస్తే పైనా కిందా తేడా 3 థౌ, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. 5 దాటితే రీబోరు. "హోనింగు కొట్టేసి రింగులేసేయండి, ఇంకో సైజు మిగుల్తుందండి" అన్నాడు లేతు మేస్త్రి. అదే సరైన మాట. పది, ఇరవై, ముప్పై, నలభై థౌ అంటూ సైజులు పెంచుకుంటూ పోతే చివర మిగిలేది స్లీవే. ఎగ్జాస్టు సీట్లు నాలుగూ గట్టి ఇన్సర్టులుగా మార్పించాం. సీసం లేని పెట్రోలులో పాత సీట్లు దిగబడతాయి.

ఎగ్జాస్టు వాల్వులు ఎక్కించేటప్పుడు పక్క ఛాంబరులో నూనె దిగే రంధ్రాలకి గుడ్డలు కుక్కాలి. కాటరు (వాల్వు స్ప్రింగుని పట్టి ఉంచే చిన్న ముక్క) ఒకటి జారి పడిందంటే సంప్ దింపాల్సిందే. చల్లటి ఇంజను మీద క్లియరెన్సు ఇన్‌లెట్‌కి 18 థౌ, ఎగ్జాస్టుకి 16.

ఆయిల్ పంపు బయటికి తీస్తే డిస్ట్రిబ్యూటరు టైమింగు పోతుంది, దాన్ని తిప్పేది పంపు షాఫ్టు చివరి గాడే. మొదటి సిలిండరు కంప్రెషన్ మీద పైకి తెచ్చి, గాడి ఏ వాటంలో ఉందో ఫొటో తీసి అప్పుడు లాగాలి. ఫైరింగు వరస 1-3-4-2, పాయింటు గ్యాపు 20 థౌ, ప్లగ్గు గ్యాపు 30, టైమింగు టీడీసీకి (పిస్టను పూర్తిగా పైకొచ్చే చోటు) 5 డిగ్రీల ముందు.

ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. పాత నైట్రైల్ గొట్టాలు, పంపు డయాఫ్రం మెత్తబడి ఊడతాయి. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. మన గాలికి సగం నిండిన ట్యాంకు నెల రోజులు నిలబడితే అడుగున నీళ్లు వేరుపడి తుప్పు మొదలవుతుంది. గొట్టాలన్నీ విటాన్ లోపొర ఉన్నవి వేశాం. బండి కదలకుండా ఉండబోతోందంటే ట్యాంకు నింపి ఉంచడమో, మొత్తం ఖాళీ చేయడమో చేయాలి.

ఆగస్టు: బ్రేకులు

వీల్ సిలిండర్లు అన్నీ పట్టేసి ఉన్నాయి. హోను కొట్టి కొత్త రబ్బరు వాషర్లు వేసే పని పెట్టుకోలేదు. గుంటలు పడ్డ బోరులో కొత్త వాషరు నిలవదు. కొత్త సిలిండర్లు, లేదంటే పాతవాటికి ఇత్తడి స్లీవు, ఈ రెండే దారులు.

పైపులకి ఉత్త రాగి గొట్టం వాడొద్దు. వంచడం తేలికని చాలామంది వేస్తారు. అదిరే బండిలో రాగి గట్టిపడి ఫ్లేరు (పైపు చివర విప్పిన అంచు) మెడ దగ్గర చిట్లుతుంది. స్టీలు పైపు, రెండు మడతల ఫ్లేరు. మాస్టరు సిలిండరు కాళ్ల కింద, బురద ఎగిరే చోట ఉంటుంది. మూత రంధ్రం నుంచి నీరు చేరుతుంది కాబట్టి అక్కడ నిపుల్ పెట్టి, గొట్టంతో పైన చిన్న ఆయిలు డబ్బా అమర్చాం. బ్రేకు ఆయిలు తేమ లాగుతుంది, ఇక్కడ ఏడాదికోసారి మార్చుకోవడమే మంచిది.

9 అంగుళాల డ్రమ్ముకి లైనింగు సందు యాంకరు వైపు 5 థౌ, పై చివర 8. పెడలు ఖాళీ అర అంగుళం. ఆ ఖాళీ లేకపోతే మాస్టరు సిలిండర్లో వెనక్కొచ్చే దారి మూసుకుపోయి, నడిచే కొద్దీ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. గాలి తీసేది దూరపు చక్రంతో మొదలుపెట్టి.

సెప్టెంబరు: వైరింగు

క్లుప్తంగా. తగరం పూత ఉన్న రాగి వైరు, లోపల జిగురున్న ష్రింకు గొట్టం, ప్రతి లైటుకీ విడిగా ఎర్తు వైరు. ఈ ఊళ్లలో వెలగని లైట్లు పదింటిలో తొమ్మిది ఎర్తు తుప్పువే. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, ఛాసిస్‌కీ దానికీ మధ్య మందపాటి ఎర్తు పట్టీ లేకపోతే స్టార్టరు కరెంటు చోక్ వైరు గుండా వెళ్లి దాన్ని కాల్చేస్తుంది.

అక్టోబరు: బాడీ

కొత్త రేకు బాడీలు దొరుకుతాయి, హర్యానాలో మండీ డబ్వాలీ జీపు పనికి పేరున్న ఊరు. కొనేవాళ్లు మందం కొలవకుండా డబ్బు ఇవ్వొద్దు. ఈ బండికి పక్కలు బాగున్నాయి కాబట్టి నేల మాత్రమే మార్చాం. 18 గేజి రేకు, కింద హ్యాటు ఛానళ్లు (టోపీ ఆకారంలో వంచిన ఆసరా పట్టీలు) కొత్తవి. ఛానలు రెండు చివరలా తెరిచి వదలాలి. అందంగా ఉంటుందని మూసేస్తే లోపల బురద నిలిచి నేల మళ్లీ అక్కడే పోతుంది.

బాడీకీ ఛాసిస్‌కీ మధ్య రైసుమిల్లు బెల్టు ముక్కలు వేయడం వాడుక. అందులో నూలు పొరలు ఉంటాయి, తడి పీల్చి రోజుల తరబడి ఇనుముకి అంటిస్తాయి. ముద్ద రబ్బరు దిమ్మలే వేశాం. అదే కారణంగా నేల మీద కొబ్బరిపీచు పట్టాలు కూడా వద్దు, కోనసీమలో ఈ మాట అంటే ఎవరూ వినరు గానీ.

నవంబరు: టైర్లు, పరీక్ష

6.00-16 సన్నటి టైరు, గొడ్డలి గాట్లలా వెడల్పు సందులున్న రకం. వెడల్పు టైర్లు చూడ్డానికి బాగుంటాయి. మన బంకమన్ను మీద అవి తేలి జారతాయి, సన్నటివి కోసుకుంటూ దిగి అడుగు గట్టిని పట్టుకుంటాయి. దగ్గర దగ్గర దిమ్మలుండే మిలిటరీ రకం నాలుగు చుట్లకే మట్టితో నిండి నున్నగా అయిపోతుంది. చెరువు గట్టు మెత్తటి మన్ను మీద గాలి 18 పీఎస్‌ఐకి దించాం. ట్యూబు టైరుకి అంతకన్నా దించితే రిమ్ము మీద టైరు జారి వాల్వు మెడ తెగుతుంది. టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు లోపలికి తిరిగి ఉండే తేడా) 1.2 నుంచి 2.4 మి.మీ. మధ్య, చక్రాలు నేల మీదుండగా కొలవాలి.

సార్వా కోతల చేలగట్ల మీద, కాలవ గట్టు మలుపుల్లో, మోకాలి లోతు రేవులో నడిపాం. ఫోర్‌వీల్ మట్టి మీదే. తారురోడ్డు మీద వేస్తే ముందు వెనక యాక్సిళ్లు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి, లివరు వెనక్కి రాదు. రేవు దాటాక బ్రేకు మెల్లగా తొక్కి పట్టి కొంత దూరం నడిపితే లైనింగులు ఆరతాయి. ఇంటికొచ్చి డ్రమ్ములు, కమాన్లు కాలవ నీళ్లతోనే కడగాలి.

మర్నాడు నూనె చల్లారి నీరు కిందికి దిగాక, మూడు ప్లగ్గులూ మర వదిలి చెంచాడు చొప్పున తీసి చూశాం. ముందు యాక్సిల్, గేర్‌బాక్సు శుభ్రం. వెనకదాంట్లో లేత మసక ఉంది. బ్రీదరు గొట్టం బాగానే ఉంది కాబట్టి చూడాల్సింది వెనక ఎడమ హబ్బు సీలు.

మిగిలిన పనులు రెండు. ఇంజను వెనక మెయిన్ సీలు దగ్గర తడి కనపడుతోంది, తాడు రకం తీసి రబ్బరు పెదవిది వేయాలి. లోడు మీద యాక్సిలరేటరు వదిలినప్పుడు రెండో గేరు ఊడుతోంది. టీ-90కి అది సింక్రో వెనక ముందు ఆట పెరిగినప్పుడు వచ్చే జబ్బు, పైమూత స్ప్రింగులు మార్చి చూసి, ఆగకపోతే అప్పుడే గేర్‌బాక్సు దింపాలి. గేర్‌బాక్సు దిగితే క్లచ్చు ప్లేటు కూడా ఎదురుగానే ఉంటుంది కాబట్టి, మెయిన్ సీలు పని అంతదాకా ఆపుతున్నాం.